పిండి మీద టైరు గుర్తులు

నంజప్ప పోయి ఆ రోజుకు పదకొండో దినం. ఆ పొద్దున యతీశ్ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ముందు నాయనకు ఎడ పెట్టాలి. అంటే పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి, తలుపు మూసి, కాసేపు వాళ్లను వాళ్ల మానాన వదిలేయాలి. తరువాత తలుపు తీసి, బంధువులకు భోజనాలు పెట్టి, అందరినీ కెలమంగలం బస్సు ఎక్కించి, మధ్యాహ్నం షిఫ్టుకు పోవాలి. ఇంక ఒక్క పూట కూడా సెలవు ఇవ్వనని సూపర్‌వైజరు ఫోన్లోనే తేల్చేశాడు. చావుకు ఇన్ని దినాలు పెట్టిన పెద్దలెవరూ ఫ్యాక్టరీలో పనిచేసి ఉండరని యతీశ్‌కు అనిపించింది. మూకండపల్లి మీద ముసురు పట్టి నాలుగు రోజులైంది. ఉతికిన పంచెలు కూడా ఆరకుండా, చావు వాసనతో దండెం మీద వేలాడుతున్నాయి.

నంజప్ప ఓ కంపెనీ టూల్ రూములో పనిచేసి రిటైరైన మనిషి. అలా రిటైరైనవాళ్లు మామూలుగా ఇంటి ముందు కుర్చీ వేసుకుంటారు. ఈయన హాలుకు ఆనుకొని వెనక దించిన రేకుల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ప్లాస్టిక్ షీట్లు, తీగముక్కలు, పట్టకారు, భూతద్దం ముందర పెట్టుకొని, రోడ్డు మీద పోయే బండ్లకు పిల్ల బండ్లు చేసేవాడు. లారీ, ట్రాక్టరు, టౌన్ బస్సు, ఏది చేసినా అసలుదాని కొలతల్ని సమంగా తగ్గించి మేకుతో సహా దించేవాడు. కొన్ని అలమరాలో కదలకుండా కూర్చునేవి. కొన్ని రిమోట్‌తో పరుగెత్తేవి. ఆదివారాలు వీధి చివర ఖాళీ జాగాలో తన ఎర్ర జీపును రాళ్ల మీద ఎక్కించి దింపుతుంటే జనం మొదట నవ్వారు, తరువాత అలవాటు పడ్డారు. ఆయన భార్య పుష్పావతి మాత్రం అలవాటు పడలేదు.

ఇప్పుడు ఆమె బాధ వేరు. ఆయన పోవడానికి రెండు రోజుల ముందు ఆ గది ఊడుస్తూ, గోరంత నల్లముక్కను చెత్తతో పాటు ఎత్తి పారేసింది. అది టౌన్ బస్సుకు పెట్టాలని ఆయన వారమంతా కూర్చొని చేసిన సైడు అద్దం. ఆయన అరిచే రకం కాదు. కోపమొస్తే ఆ గదిలోకి పోయి కూర్చుంటాడు, పలకడు, అంతే. అలాగే రెండు రోజులు కూర్చున్నాడు. మూడో పొద్దున ఆమె కాఫీ తీసుకుపోతే బల్ల మీద తల ఆన్చి ఉన్నాడు. ఇంకా అలక తీరలేదనుకొని, కాఫీ పక్కన పెట్టి వచ్చేసింది. కొంచెంసేపటికి పోయి చూస్తే కాఫీ మీద మీగడ కట్టి ఉంది. మనిషి ఎప్పుడో పోయాడు.

ఆ పొద్దు నుంచి పుష్పావతి ఏడవలేదు. ఆయన తన మీద కోపంతోనే పోయాడా, కోపం తీరి పోయాడా అన్న ఒక్క ప్రశ్న ఆమెను వదలలేదు. దానికి జవాబు దొరికితే గాని ఏడుపు కూడా బయటికి వచ్చేట్టు లేదు. కొడుక్కు ఈ సంగతి తెలుసు. ఏం చేయాలో మాత్రం తెలియదు.

ఎడ పెట్టించడానికి కెలమంగలం నుంచి ఓబయ్య వచ్చాడు. వాళ్ల కులంలో ఇలాంటి పనులన్నీ ఆయన చేతి మీదే జరుగుతాయి. ఆయన ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను వరుసలో ఉంది.

"ఆయప్పకు ఏమేం ఇష్టమో అన్నీ పెట్టండమ్మా. ఆశ మిగిలిపోతే ఈ ఇంటినే పట్టుకోని తిరుగుతాడు," అన్నాడు ఓబయ్య.

రాగిముద్ద, కోడికూర, మినప్పిండి ఉద్దివడ, బీడీకట్ట, గ్లాసులో కొంచెం బ్రాందీ, అన్నీ ఆ రేకుల గదిలో నంజప్ప ఫోటో ముందు పరిచిన ఆకులోకి, ఆకు పక్కకి వచ్చాయి. పుష్పావతి తలుపు దగ్గర నిలబడి, "ఆ జీపు కూడా పెట్టప్పా యతీశూ," అంది. "లైట్లు వెలిగేట్ల పెట్టు. ఆ లైట్లు వెలిగితే మీ నాయన మొగము కూడా వెలుగుతాండె."

పదకొండు రోజుల్లో ఆమె ఆడిన పెద్ద మాట అదే. యతీశ్ పరుగున పోయి బ్యాటరీ వేశాడు. ముందు రిమోట్ ఆన్ చేయాలి, తరువాతే బండి ఆన్ చేయాలి అని నాయన చిన్నప్పుడే నూరిపోశాడు. అదే వరుసలో చేశాడు. జీపు లైట్లు వెలిగాయి. రిమోట్‌ను ఆకు పక్కన పెట్టబోతే ఓబయ్య గద్దించాడు.

"ఏమప్పా అది, ఫోనా? ఎడ కాడ కరెంటు సామాన్లు పెట్టేది లేదు!"

జీపును ఒప్పుకున్న పెద్దమనిషి రిమోట్‌ను ఎందుకు ఒప్పుకోడని అడిగే తీరిక యతీశ్‌కు లేదు. హాల్లో, గది తలుపుకు ఎదురుగా ఉన్న సోఫాలో, దిండు కింద దాన్ని దోపాడు. ఆఫ్ చేయాలన్న ఆలోచన వచ్చే లోపల వంటమనిషి వచ్చి పెరుగు చాలదన్నాడు, ఆకులూ చాలవన్నాడు. యతీశ్ స్కూటరు తీసుకొని హోసూరుకు పోయాడు.

ఓబయ్య గదిలోని ఎర్ర గచ్చు మీద బియ్యప్పిండిని జల్లెడ పట్టి పలచగా పరిచాడు. నంజప్ప ప్రాణం పోయిన చోటు అదే గనుక, ఆత్మ వచ్చి ఎడ ముట్టి పోయేటప్పుడు పిండి మీద గుర్తు పడుతుంది. పిట్ట కాలు పడితే పిట్టై పుట్టినట్టు, పసిబిడ్డ పాదం పడితే మనిషై పుట్టినట్టు లెక్క. తలుపు మూశారు. అందరూ హాల్లో కూర్చున్నారు.

నంజప్ప అక్క దొడ్డమ్మ సోఫాలో కూర్చుంది. ఆమె మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మోకాళ్లు మాత్రం అంతంత మాత్రం. కూర్చుంటే లేవడం కష్టం, లేస్తే కూర్చోవడం కష్టం. మెత్తగా ఉందని సరిగ్గా ఆ దిండు మీదే కూర్చుంది. ఆడతోబుట్టువు ఎడ ముగిసేదాకా కూర్చున్న చోటి నుంచి కదలకూడదని ఓబయ్య చెప్పాడు. ఆమె మోకాళ్లకు కూడా ఆ ఆచారం నచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ముందుకూ వెనక్కూ ఊగుతూ, "తమ్ముడా, నన్ను ముందు పంపీకుండా నువ్వు పోతివా," అని శోకం తీసింది. ఆమె ఊగినప్పుడల్లా దిండు కింద రిమోట్ మీద బండిని నడిపే పుల్ల కూడా ఊగింది. మూసిన తలుపు వెనక ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు.

కాసేపటికి ఓబయ్య తలుపు తీశాడు. తీసి, అక్కడే ఆగిపోయాడు. పిండి మీద ఫోటో దగ్గర నుంచి బల్ల దాకా రెండు గీతలు, మెలికలు తిరిగి, జంటగా పోయి ఉన్నాయి.

"జంట నాగులు!" అన్నాడు ఓబయ్య, గుండె మీద చెయ్యి పెట్టుకొని.

హాలంతా లేచింది. ఒకాయన పెరట్లోకి పరిగెత్తి కట్టె తెచ్చాడు. ఒకామె వంటింట్లోకి పరిగెత్తి పాలు తెచ్చింది. ఇద్దరూ ఒకేసారి తలుపు దగ్గరికి చేరి, నువ్వు పక్కకు జరుగంటే నువ్వు జరుగని తోసుకున్నారు. పాలు సగం కట్టె మీద పోయాయి. నంజప్ప అన్న గోపాలప్ప వాళ్లను తప్పించి, వంగి గీతల్ని చూశాడు. ఆయన కెలమంగలంలో పట్టుపురుగులు పెంచే రైతు. దేన్నైనా దగ్గరికి పోయి చూసే అలవాటు ఉంది.

"ఓబయ్యా, పాముకు ఇట్ల గళ్లు గళ్లుగా ఉంటాయా? ఇది టైరప్పా."

ఓబయ్య కూడా వంగి మంచి కన్నుతో చూశాడు. బల్ల కాలి దగ్గర జీపు లైట్లు వేసుకొని తలుపు వైపే చూస్తోంది. "కాకికాలు చూసినాను, పిల్లిపాదము చూసినాను," అన్నాడు ఆయన నీరసంగా. "టైరు ఇంతవరకు చూల్లేదు." వెంటనే పెద్దరికం గుర్తొచ్చి సర్దుకున్నాడు. "అయితే ఏమి? ఆయప్ప బండి ఎక్కినాడు."

తమ్ముడు బండి ఎక్కాడన్న మాట వినగానే దొడ్డమ్మకు దుఃఖం పొంగింది. ముందుకు ఒరిగింది. అందరి కళ్ల ముందే జీపు కదిలి, రయ్యిమని పోయి బ్రాందీ గ్లాసును పడగొట్టింది. జీపు కదలడం చూసి దొడ్డమ్మకు ఇంకా ఏడుపొచ్చింది. ఏడ్చి ఊగే కొద్దీ జీపు కదిలింది, కదిలే కొద్దీ ఆమె ఏడ్చింది. ఇంక ఆ వ్యవహారం ఆగే దారి లేకపోయింది.

"గ్లాసు ముట్టినాడు," అన్నారెవరో. "మొదట దానికే పోయినాడు చూడు," అన్నారు ఇంకెవరో.

గోపాలప్ప మాత్రం అవకాశాన్ని వదులుకోలేదు. ఆ రేకుల గది ఖాళీ చేసి బాడుగకు ఇస్తే మరదలికి నెలనెలా ఆధారంగా ఉంటుందని ఆయన ఆలోచన. చెడ్డ ఆలోచనేమీ కాదు. అయితే ఆమెను అడగకుండానే, ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు కుర్రవాళ్లకు మాట ఇచ్చేశాడు. పుష్పావతి ఆ సంగతికి ఊ అనలేదు, ఊహూ అనలేదు. అందుకని ఇప్పుడు తమ్ముణ్ణే అడిగాడు.

"నంజప్పా! ఈ గది బాడుగకు ఇచ్చేది నీకు సమ్మతమేనా? చెప్పప్పా!"

అదే సమయానికి యతీశ్ భార్య సుమ దొడ్డమ్మకు కాఫీ అందించింది. దొడ్డమ్మ కాఫీ కోసం వెనక్కి జారగిలపడింది. జీపు గిర్రున వెనక్కి పోయి గోడకు తగిలింది.

"వెనక్కి పోయినాడు!" అన్నాడు ఓబయ్య. "వద్దంటాండాడు!"

"అట్ల కాదు," అన్నాడు గోపాలప్ప తొణక్కుండా. "నేను అడ్డం రాను, దారి ఇడుస్తాను అంటాండాడు. చిన్నప్పటి నుంచి వానిది అదే గుణము."

ఆ మాట వీధిలోకి పాకింది. పోయిన నంజప్ప జీపులో వచ్చి అడిగినదానికి జవాబు చెబుతున్నాడని ఇరుగు పొరుగు వచ్చారు. షేర్ ఆటో ఒకటి ఆగింది, అందులోవాళ్లంతా దిగారు. వంటమనిషి గరిటెతో సహా వచ్చి నిలబడ్డాడు. పొయ్యి మీద సాంబారు ఎవరూ లేక మాడడం మొదలుపెట్టింది. ఎదురింటి అంకప్ప చాలా ఏళ్లుగా కాంట్రాక్టు మీదే పనిచేస్తున్న మనిషి. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"అన్నా, నాకు పర్మనెంటు అవుతాదా?"

దొడ్డమ్మ ముక్కు తుడుచుకోవడానికి రుమాలు కోసం అటు తిరిగి, ఇటు తిరిగి వెతుక్కుంది. జీపు ఉన్నచోటే గుండ్రంగా నాలుగు చుట్లు తిరిగి ఆగింది.

"మా మేనేజరు కూడా ఇదే చెప్తాండాడు," అని అంకప్ప దిగులుగా పోయి మూలన కూర్చున్నాడు.

యతీశ్ పెరుగు బిందెతో వచ్చేసరికి వాకిట్లో చెప్పుల గుట్ట కనిపించింది. నాయన శవం ఉన్నరోజు కూడా అన్ని చెప్పులు లేవు. లోపల ఇంకో చావు జరిగిందేమోనని బిందెతోనే లోపలికి ఉరికాడు. జనం మధ్య నుంచి దూరి చూస్తే పిండి మీద జీపు పరుగెడుతోంది. దాని వెనక కోడికూర ముక్క ఒకటి ఈడ్చుకుపోతోంది. సోఫా వైపు చూశాడు. దొడ్డమ్మ ఎక్కడ కూర్చుందో చూడగానే కథంతా అర్థమైంది.

"అత్తా, ఒక్క నిమిషము లెయ్యి."

"యాడరా లేసేది? నేను లేస్తే తమ్ముడు దారి తప్పుతాడంట. ఓబయ్య చెప్పినాడు."

యతీశ్ మెల్లగా దిండు కింద చెయ్యి పెట్టబోయాడు. "ఏందిరా ఇది, పెద్దముండని గిల్లుతావా!" అని దొడ్డమ్మ ఆ చేతి మీద ఒక్కటి చరిచింది. జీపు ఎగిరిపడి ఉద్దివడను గాల్లోకి లేపింది.

"కొడుకును చూసినాడు! చూసి ఎగిరినాడు!" అన్నాడు ఓబయ్య. జనమంతా దండం పెట్టారు.

ఇది రిమోట్ అత్తా, దెయ్యమూ కాదు, దేవుడూ కాదు అని చెప్పడానికి యతీశ్ నోరు తెరిచాడు. అప్పుడే తల్లి మొహం కనబడింది. ఇన్నాళ్లూ రాయిలా కూర్చున్న మనిషి ఇప్పుడు తలుపుబద్ద పట్టుకొని, మెడ చాచి, జీపునే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. అడగాల్సిన మాటను లోలోపలే కూడబలుక్కుంటోంది. ఇప్పుడు నిజం చెబితే తిట్లు తినాల్సి వస్తుంది, అది పెద్ద సంగతి కాదు. ఆ మొహంలో ఇప్పుడిప్పుడే వచ్చిన ఆశను చంపాల్సి వస్తుంది. యతీశ్‌కు ఆ ధైర్యం చాలలేదు. నోరు మూసుకున్నాడు.

"అందరూ బయటికి పోండి," అంది పుష్పావతి. "నేను ఒక మాట అడగాల."

"ఎడ ముగిసేదాకా ఎవురూ కదలకూడదమ్మా, ఆచారము," అన్నాడు ఓబయ్య.

"నా మొగుడు. నేను అడుగుతాను. పోండి."

ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. జనం వాకిట్లోకి కదిలారు. దొడ్డమ్మకు అప్పటికే మూడు కాఫీలు పడ్డాయి. ఆమె కూడా ఆచారం సంగతి ఏమిటన్నట్టు దీనంగా చూసింది. ఆడబిడ్డ ఉత్తరం దిక్కుగా నడిస్తే దోషం లేదని ఓబయ్య అప్పటికప్పుడు తీర్పు చెప్పాడు. స్నానాల గది ఉత్తరం దిక్కునే ఉంది. ఇద్దరు ఆడవాళ్లు ఆమెను లేవదీసి నడిపించుకుపోయారు.

యతీశ్ సోఫా వెనక నక్కి, దిండు కింది నుంచి రిమోట్ తీసుకున్నాడు. అది వెచ్చగా ఉంది. సగం తెరిచిన తలుపులోంచి జీపూ, పిండి అంచున కూర్చున్న తల్లి పాదాలూ కనిపిస్తున్నాయి.

"ఆ అద్దము నేనే పారేసినాను," అంది పుష్పావతి చిన్న గొంతుతో. "తెలిసి చెయ్యలేదు. చెత్త అనుకొంటిని. దాన్ని ఎట్లో మన్నించు. కాఫీ పెట్టినాను చూడు, అది మన్నించొద్దు. ఒక తూరి భుజము తట్టి ఉంటే తెలిసుండు. అలిగినాడులే, అలగనీ అని వచ్చేసినాను." ఆమె పాదాన్ని కొంచెం ముందుకు జరిపింది. "నా మీద కోపము లేదంటే, ఈడికి రా."

యతీశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. జీపు మసగ్గా కనిపించింది. నాయన నేర్పినట్టే బొటనవేలితో పుల్లను కొంచెం కొంచెంగా ముందుకు తోశాడు. జీపు పిండి మీద నెమ్మదిగా, నేరుగా పోయి, ఆమె కాలి బొటనవేలికి ఆనుకొని ఆగింది. ఇంతకన్నా మంచిపని తన జన్మలో చేయలేదనుకున్నాడు.



"యతీశూ," అంది పుష్పావతి. "లోపలికి రా."

రిమోట్ దాచుకోవాలని కూడా తోచక, దాన్ని చేతిలో పట్టుకొనే పోయి, వెనక తలుపు వేసి నిలబడ్డాడు. "ఎట్ల తెలిసెనమ్మా?"

"మీ నాయన నేను పిలిస్తే ఒక్క కూతకు ఎప్పుడైనా వచ్చినాడా? అన్నానికి రమ్మంటే ఊ అంటాడు, సాంబారు ఆరిపోయినాక వస్తాడు. పిలిచిన నిమిషానికి, పిలిచిన చోటికి, నేరుగా వచ్చేది ఆయన కాదప్పా."

యతీశ్ తల దించుకొని దిండు సంగతి, దొడ్డమ్మ సంగతి అంతా చెప్పాడు. పుష్పావతి నమ్మలేనట్టు చూసింది.

"అయితే పొద్దున్నుంచి అందరికీ జవాబు చెప్పింది మీ అత్త పిర్రలా?"

నవ్వొచ్చింది ఆమెకు. కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి జారిపోయింది. పదకొండు రోజులుగా ఆగిన ఏడుపంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. యతీశ్ పక్కనే పిండిలో కూర్చొని తల్లి వీపు మీద చెయ్యి వేశాడు.

ఏడుపు తగ్గాక ఆమె కళ్లు తుడుచుకొని గదంతా చూసింది. పిండి నిండా టైరు గుర్తులే. పిట్ట కాలు లేదు, పసిబిడ్డ పాదం లేదు.

"ఆయన అడుగు ఒకటీ లేదు చూడు," అంది. "పోయినోడైతే గుర్తు పడాల కదా. పోలేదు. కోపమొస్తే ఈడ కాక యాడ కూర్చుంటాడు? ఇంకా తీరలేదు. ఈడే ఉండాడు."

"కోపంగా ఉండాడంటే నీకు బాధ లేదా అమ్మా?"

"కూర్చోనీలే. ఆయన మాట్లాడకపోయేది నాకు కొత్తనా? ఉండాడు కదా, చాలు."

అది ఓదార్పేనా అని యతీశ్‌కు అనుమానంగానే ఉంది. తల్లి మొహం మాత్రం కాస్త తేటపడింది.

"అమ్మా పుష్పావతీ!" బయట నుంచి గోపాలప్ప తలుపు కొట్టాడు. "ఏమన్నాడమ్మా?"

పుష్పావతి లేచి చీరకు అంటిన పిండి దులుపుకుంది. కొడుకు చేతిలోని రిమోట్ లాక్కొని, ఆఫ్ చేసి, బల్ల సొరుగులో వేసి మూసింది. తలుపు తీసింది.

"గది బాడుగకు ఇచ్చేది లేదన్నాడు బావా."

గోపాలప్ప దిమ్మెరపోయాడు. "నాతో సరే అన్నాడే!"

"మీతో వెనక్కి పోయి అన్నాడు. నాతో దగ్గరికి వచ్చి అన్నాడు. కావాలంటే చూసుకోండి."

ఓబయ్య వంగి, మంచి కన్నుతో గుర్తులు చూశాడు. వంకర లేకుండా, ఇల్లాలి పాదాల దాకా వచ్చి ఆగిన గుర్తులవి. ఇంత స్పష్టంగా చెప్పిన ఆత్మను తన అనుభవంలో చూడలేదని, దీనికి తిరుగు లేదని ఆయన తేల్చాడు. సాంబారు మాడిపోవడంతో భోజనాలకు పెరుగన్నమే గతయింది. యతీశ్ షిఫ్టు సమయం దాటిపోయింది, ఫోను రెండుసార్లు మోగి ఊరుకుంది. గోపాలప్ప చేతిలో పెరుగన్నం ఆకు పట్టుకొని ఆ గది గుమ్మంలోనే చాలాసేపు నిలబడిపోయాడు. పుట్టి బుద్ధెరిగిన తరువాత తమ్ముడు నంజప్ప తన మాటకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.